రాష్ట్రమంతా 94 శాతం టీకాలు, మరి తట్టు ఎలా ప్రబలింది?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటున్నాం. బాబుకి నాలుగున్నరేళ్ళు. గుంటూరులో పుట్టాడు, అక్కడే ప్రభుత్వ కేంద్రంలో తొమ్మిదో నెలలో, పదిహేడో నెలలో ఎంఆర్ టీకా వేయించాం. ఈసారి కిండర్‌గార్టెన్‌లో చేర్చాలి. పాప ఇక్కడే పుట్టింది, ఏడు నెలలు. ఇంకో ఐదు వారాల్లో మా మరిది పెళ్ళికి గుంటూరు బయల్దేరుతున్నాం. 2025లో ఇదే రాష్ట్రంలో తట్టు అంతగా ప్రబలింది కదా, కానీ బడి పిల్లల్లో 94 శాతం మందికి టీకా ఉందనీ చదివాను. ఈ రెండూ ఎలా కుదురుతాయి? మా పిల్లల ఆటల గ్రూపులో నలుగురైదుగురు తల్లులు ‘మాటలు వచ్చాకే ఎంఎంఆర్ వేయిస్తాం’ అంటున్నారు. అంతా చదువుకున్నవాళ్ళే. మా అత్తగారేమో ‘తట్టు మాకందరికీ పోసింది, అమ్మవారు వచ్చి చల్లగా వెళ్ళిపోతుంది, పసిపిల్లకి ఇప్పుడే సూదులెందుకు’ అంటున్నారు. నాకూ మావారికీ చిన్నప్పుడు ఏం వేశారో కాగితాలు లేవు. ఎవరికి ఏం చేయించాలి?

సమాధానం: ముందు పాప సంగతి. మిగతావి ఓ వారం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు గానీ, పాప టీకా మాత్రం మీ విమానం తేదీతో ముడిపడి ఉంది.

అమెరికాలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి కలిపి వేసే టీకా) మొదటి డోసు మామూలుగా 12 నుంచి 15 నెలల మధ్య వేస్తారు. కానీ విదేశీ ప్రయాణం ఉంటే 6 నెలలు నిండిన పాపకి ముందుగానే ఒక డోసు వేయమని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మీరు ఫోన్ చేసేటప్పుడు ‘తొమ్మిది నెలల చెకప్‌లో చూద్దాం’ అనే జవాబు వస్తే ఒప్పుకోవద్దు. ఇండియా ప్రయాణం ఉంది, ఎర్లీ ఎంఎంఆర్ కావాలి అని తేదీతో సహా చెప్పండి. ఈ వారంలోనే వేయించండి. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పడాలి, దానికి రెండు కారణాలున్నాయి. రక్షణ తయారవడానికి అంత సమయం పడుతుంది. పైగా ఈ టీకాకి జ్వరం వచ్చేది ఆ రాత్రి కాదు, దాదాపు 7 నుంచి 12 రోజుల మధ్య. ఆలస్యం చేస్తే పదహారు గంటల విమానంలో జ్వరంతో ఉన్న పాపని ఎత్తుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఆ రోజుల్లో ఒంటిమీద పల్చగా దద్దు కూడా రావచ్చు. అది తట్టు కాదు, ఇంకొకరికి అంటదు.

ఈ డోసు లెక్కలోకి రాదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా కొంత మిగిలి ఉంటాయి, అవి టీకాలోని వైరస్‌ని పూర్తిగా పని చేయనివ్వవు. అందుకే పాపకి ఏడాది నిండాక మళ్ళీ ఒకటి, నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య ఇంకొకటి తప్పనిసరి. మొత్తం మూడవుతాయి. లెక్కలోకి రానిది ఎందుకు వేయించాలంటే, ఏడాది నిండేదాకా ఆ ఐదారు నెలలు పాపకి వేరే రక్షణ లేదు కనుక. పూర్వం తల్లులకి తట్టు వచ్చి ఉండేది, వాళ్ళ నుంచి పిల్లలకి గట్టి యాంటీబాడీలు అందేవి. టీకా ద్వారా రక్షణ పొందిన ఈ తరం తల్లుల నుంచి అందేవి తక్కువ, త్వరగా తరిగిపోతాయి. ఏడో నెలకి చాలామంది పిల్లల్లో జబ్బుని ఆపగలిగేంత మిగలదు. ఇది అమెరికావాళ్ళ అతి జాగ్రత్త మాత్రమే అని అత్తగారు అనుకుంటే, 2022 నవంబరులో ముంబై గోవండీ ప్రాంతంలో తట్టు చెలరేగినప్పుడు మన కేంద్ర ప్రభుత్వమే, పసివాళ్ళలో కేసులు ఎక్కువగా ఉన్నచోట ఆరు నెలలు నిండిన పిల్లలకి అదనపు డోసు వేయమని చెప్పిందని చెప్పండి.

ఒక జాగ్రత్త: నాలుగు జబ్బులకి కలిపి వచ్చే ఎంఎంఆర్‌వి ఏడాది లోపు పిల్లలకి వేయకూడదు. ఎంఎంఆర్ ఒక్కటే వేయమనండి.

ఇక మీ 94 శాతం ప్రశ్న. ఇది సరైన ప్రశ్న, దీని జవాబు మీ ఆటల గ్రూపు దాకా వస్తుంది.

తట్టు వైరస్ గాలిలో తిరుగుతుంది. రోగి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో ఉండగలదు. రక్షణ లేనివాళ్ళు పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మిది మందికి అంటుకుంటుంది. ఎవరికీ రక్షణ లేని చోట ఒక్కో రోగి 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. టీకా రెండు డోసులూ పడితే నూటికి 97 మందికి రక్షణ, ఒక్కటే పడితే 93 మందికి. ఈ లెక్కలన్నీ కలిపితేనే ‘95 శాతం మందికి టీకా ఉండాలి’ అనే మాట వచ్చింది. ఆ 95 అందరూ అందరితో సమానంగా కలిసి తిరుగుతారు అనుకుంటే వచ్చిన లెక్క. మనుషులు అలా తిరగరు. ఒకే గుడికి, ఒకే చర్చికి, ఒకే బడికి వెళ్తారు, చుట్టాల ఇళ్ళకి వెళ్తారు. టీకా వేయించని ఆరుగురు వందమందిలో చెదిరి ఉంటే వైరస్‌కి ఒకరి నుంచి ఇంకొకరికి దారి దొరకడం కష్టం. ఆ ఆరుగురూ ఒకే ఇంట్లో అన్నం తినేవాళ్ళయితే సగటు అదే 94, కానీ ఒకరికి వస్తే ఆరుగురికీ వస్తుంది.

టెక్సస్‌లో జరిగింది ఇదే. 2023-24 విద్యాసంవత్సరంలో రాష్ట్రం మొత్తం మీద కిండర్‌గార్టెన్ పిల్లల్లో దాదాపు 94 శాతం మందికి ఎంఎంఆర్ ఉంది. న్యూమెక్సికో సరిహద్దున ఉన్న గెయిన్స్ కౌంటీలో మాత్రం 82. అందులోనే లూప్ అనే చిన్న బడుల జిల్లాలో 46. ఇళ్ళలో చదువుకునే పిల్లలూ చాలా ప్రైవేటు బడుల పిల్లలూ ఈ అంకెల్లో లేనే లేరు. అక్కడి మెనోనైట్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబాల్లో చాలామంది పిల్లలు ఆ కోవలోకే వస్తారు. వాళ్ళ మతం టీకాని నిషేధించలేదు. ‘లో జర్మన్’ అనే మాండలికం మాట్లాడతారు, ప్రభుత్వంతో, ఆసుపత్రులతో రాకపోకలు తక్కువ, మాట ఒకరి నుంచి ఒకరికి చర్చిలో, వంటింట్లో పాకుతుంది. ‘మనస్సాక్షి కారణం’ అని చెప్పి బడి టీకాల నుంచి మినహాయింపు తీసుకునే వీలు టెక్సస్‌లో 2003 నుంచి ఉంది. గెయిన్స్‌లో కిండర్‌గార్టెన్ పిల్లల్లో సుమారు 18 శాతం మందికి అలాంటి మినహాయింపు ఉంది.

ఈ అంకెలు వైరస్‌కి ఎలా కనిపిస్తాయో కాగితం మీద వేసి చూడండి. రక్షణ లేనిచోట ఒకరు 15 మందికి అంటిస్తారనుకుందాం. 94 శాతం ఉన్నచోట, టీకా పనిచేయని ఆ మూడు శాతాన్ని కూడా కలుపుకుంటే, వందమందిలో రక్షణ లేనివాళ్ళు తొమ్మిదిమంది దాకా తేలతారు. అంటే ఒక రోగి నుంచి సగటున 1.3 మందికి. 82 ఉన్నచోట రక్షణ లేనివాళ్ళు ఇరవై మంది, ఒకరి నుంచి ముగ్గురికి. 46 ఉన్నచోట ఒకరి నుంచి ఎనిమిది మందికి. ఒకరికి సోకి మరొకరికి అంటడానికి ఇంచుమించు పన్నెండు రోజులు పడుతుంది. నాలుగు విడతలకి, అంటే ఏడు వారాలకి, మొదటి చోట నాలుగో విడతలో ముగ్గురు కొత్త రోగులుంటారు. రెండోచోట 81 మంది. మూడోచోట ఈ లెక్క నాలుగువేలు దాటుతుంది, అంతమంది పిల్లలు ఆ బడిలో లేరు కనుక వైరస్ అక్కడి నుంచి బయటికి వస్తుంది.

2025 జనవరి చివర్లో గెయిన్స్‌లో మొదలైనది ఆగస్టు 18న ముగిసిందని ప్రకటించేదాకా టెక్సస్‌లో 762 మందికి సోకింది. అందులో 414 మంది ఆ ఒక్క కౌంటీవాళ్ళే. 99 మంది ఆసుపత్రిలో చేరారు. బడి వయసు ఆడపిల్లలు ఇద్దరు చనిపోయారు. ఇద్దరికీ టీకా లేదు, ఇద్దరికీ అంతకుముందు వేరే జబ్బేమీ లేదు. పక్కనే న్యూమెక్సికోలో టీకా లేని ఒక పెద్దమనిషి చనిపోయాడు. వైరస్ లబ్బాక్‌కీ ఎల్‌పాసోకీ చేరింది. లబ్బాక్‌లో తట్టుతో ఉన్న ఒక గర్భిణి కాన్పుకి వస్తే, ఆ వార్డులో ఉన్న రోజుల పిల్లలకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇవ్వాల్సి వచ్చింది. అక్కడి నుంచి సరిహద్దు దాటి మెక్సికోలోని చివావా మెనోనైట్ పల్లెలకి, వాళ్ళ పొలాల్లో పనిచేసే ఆదివాసీ కూలీలకి పాకింది. చివావాలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఆ కూలీలే. టీకా వద్దనుకున్న ఇళ్ళు వేరు, ప్రాణాలు ఎక్కువగా పోయిన ఇళ్ళు వేరు. మాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఇలాంటి చోట ఒకసారి వచ్చి పోతే ఇక పీడ వదిలినట్టు కాదు. నెదర్లాండ్స్‌లో దేశం మొత్తం మీద టీకాలు 95 శాతం పైనే ఉన్నా, టీకాని విశ్వాసరీత్యా వద్దనే ప్రొటెస్టెంట్ ఊళ్ళు ఒక వరసలో ఉన్నాయి. అక్కడ 1999-2000లో దాదాపు మూడువేల కేసులు, మూడు మరణాలు. పన్నెండు, పదమూడేళ్ళకి, 2013లో, మళ్ళీ రెండున్నర వేలకి పైగా. మొదటిసారి జబ్బు పడినవాళ్ళకి రక్షణ వచ్చింది నిజమే, ఈలోగా పుట్టిన పిల్లలందరూ పోగయ్యారు. మధ్యలో గడిచిన ప్రశాంతమైన ఏళ్ళు చూసి ‘టీకా లేకపోయినా ఏమీ కాలేదు’ అనుకోవడం సులువు.

అందుకని మీరు చూడాల్సిన అంకె రాష్ట్రానిది కాదు, మీ బడిది. టెక్సస్ ఆరోగ్యశాఖ కిండర్‌గార్టెన్ టీకాల వివరాలు బడుల జిల్లాల వారీగా, ప్రైవేటు బడులైతే ఒక్కో బడికీ ఏటా ప్రకటిస్తుంది. బాబుని చేర్చే ముందు చూసుకోండి. డేకేర్ అయితే నేరుగా అడగండి: ఏడాది దాటిన పిల్లల్లో ఎంఎంఆర్ లేనివాళ్ళు ఎంతమంది, తట్టు కేసు వస్తే మీరేం చేస్తారు? పేర్లు చెప్పక్కర్లేదు, సంఖ్య చెప్పొచ్చు.

ఇప్పుడు మీ ఆటల గ్రూపు. పదిమంది పిల్లల్లో నలుగురైదుగురికి టీకా లేకపోతే ఆ గది లూప్ బడి కిందే లెక్క, చుట్టూ ఉన్న ఊళ్ళో ఎంత శాతం ఉన్నా. చదువుకున్నవాళ్ళు కదా అని మీరు ఆశ్చర్యపోతున్నారు. ఈ భయానికి చదువు అడ్డు రాదు, తోటి తల్లి మాట మీద నమ్మకమే దాన్ని మోసుకెళ్తుంది. మినెసోటాలో సోమాలీ కుటుంబాల పిల్లల్లో 2004లో 92 శాతం మందికి ఎంఎంఆర్ పడేది, రాష్ట్రంలో మిగతావాళ్ళకి ఏమాత్రం తీసిపోకుండా. ఆ తర్వాత ‘మన పిల్లల్లో ఆటిజం ఎక్కువ, అది ఈ టీకావల్లే’ అనే మాట వాళ్ళ మధ్య తిరిగింది. ఆ మాటకి మూలమైన 1998 నాటి పరిశోధన రాసిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ స్వయంగా వెళ్ళి వాళ్ళతో మాట్లాడాడు. 2014కి 92 కాస్తా 42 అయింది. 2017లో తట్టు వచ్చి 75 మందికి సోకింది, అత్యధికులు సోమాలీ పిల్లలే.

వేక్‌ఫీల్డ్ వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. ఆయన వైద్యుడిగా కొనసాగే అర్హతా పోయింది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలు పరిశీలిస్తే, ఎంఎంఆర్ వేసినవాళ్ళలో ఆటిజం వేయనివాళ్ళకన్నా ఎక్కువగా లేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా తేడా లేదు. మరి ‘టీకా వేశాకే మా బాబు మాట్లాడటం మానేశాడు’ అని తల్లులు చెప్పేది అబద్ధమా అంటే, కాదు. ఆటిజంలో మాట వెనక్కిపోవడం బయటపడేది 15 నుంచి 24 నెలల మధ్య, టీకా పడేదీ ఆ చుట్టుపక్కలే. టీకా వేయని పిల్లల్లోనూ అదే వయసులో బయటపడుతుంది.

ఆ తల్లులతో గ్రూపులో అందరి ముందూ వాదనకి దిగకండి. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. ‘మాటలు వచ్చాక అంటే ఏ వయసు అనుకుంటున్నావు? ఈలోగా ఇండియా వెళ్తున్నారా?’ అని అడగండి. ఆ గడువు సాధారణంగా జరుగుతూ పోతుంది: రెండేళ్ళకి అనుకున్నది మూడేళ్ళవుతుంది, ఈలోగా ఎయిర్‌పోర్టులూ పెళ్ళిళ్ళూ వచ్చిపోతాయి. మాటలు ఆలస్యమైన బిడ్డ ఉంటే ఆ ఆందోళనని కొట్టిపారేయకుండా, వినికిడి పరీక్షకీ, మాటల పరీక్షకీ ఇప్పుడే తీసుకెళ్ళమని చెప్పండి. వాళ్ళకి కావలసిన సాయం అది. టీకా ఆపడంవల్ల అది దొరకదు. పాపకి టీకా పడి రెండు వారాలు అయ్యేదాకా ఆ గదికి తీసుకెళ్ళకపోవడమే మంచిది, ఎవరూ ఏమీ అనుకోరు.

బాబు విషయంలో మీకు తెలియని చిక్కు ఒకటుంది. మన దేశంలో ప్రభుత్వ కేంద్రాల్లో వేసేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా. గవదబిళ్ళలకి అందులో టీకా లేదు. పైగా ఏడాది నిండకముందు వేసిన డోసుని అమెరికాలో లెక్కించరు. కాబట్టి మీ బాబు తొమ్మిదో నెల డోసు పోయింది, పదిహేడో నెల డోసు తట్టుకీ రుబెల్లాకీ ఒకటిగా నిలుస్తుంది, గవదబిళ్ళలకి సున్నా. బడిలో ‘రెండు డోసులు వేయించాం కదండీ’ అంటే ఒప్పుకోరు, ఆగస్టులో చివరి నిమిషంలో అపాయింట్‌మెంట్ కోసం తిరగాల్సి వస్తుంది. ఇప్పుడే ఒక ఎంఎంఆర్, 28 రోజుల తర్వాత ఇంకొకటి వేయించండి. ఐదు వారాలున్నాయి కనుక రెండూ ప్రయాణానికి ముందే పూర్తవుతాయి. తట్టుకి ఒక డోసు ఎక్కువైనా నష్టమేమీ లేదు.

కాగితాల దగ్గర జరిగే పొరపాటు ఇంకోటి. మన ఎంసీపీ కార్డు (ఇండియాలో ఇచ్చే తల్లీబిడ్డల టీకాల కార్డు) మీద 5-9 అని రాస్తే అది సెప్టెంబరు 5. ఇక్కడి నర్సు దాన్ని మే 9గా ఎక్కిస్తుంది. నాలుగు నెలలు ముందుకో వెనక్కో జరిగితే, ఏడాది దాటాక వేసిన డోసు దాటకముందు వేసినట్టు కంప్యూటర్‌లో పడుతుంది. కార్డు ఇచ్చేటప్పుడే నెల పేరు అక్షరాల్లో రాసిన కాగితం జతచేయండి, ఎక్కించాక ఒకసారి మీరే చూసుకోండి. టెక్సస్ టీకాల రిజిస్ట్రీ ఇమ్‌ట్రాక్2లో మీరు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే పిల్లల వివరాలు ఉంచుతారు. ఆ ఫారం ఇచ్చారో లేదో అడగండి.

మీ ఇద్దరి సంగతి సులువు. మన దేశంలో తట్టు టీకా జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది 1985లో, అప్పట్లో ఒక్క డోసే. రెండో డోసు 2010లో మొదలైంది. కనుక మీ వయసువాళ్ళలో చాలామందికి పడితే ఒకటి, లేకపోతే ఏదీ లేదు. గ్రీన్‌కార్డు వైద్యపరీక్ష అయి ఉంటే ఐ-693 ఫారం నకలు చూడండి, అందులో ఎంఎంఆర్ తేదీ ఉంటుంది. లేదంటే రక్తపరీక్షల చుట్టూ తిరగకుండా ఇప్పుడొకటి, 28 రోజులకి ఇంకొకటి వేయించుకోండి. పాలిచ్చే తల్లికి ఈ టీకా నిరభ్యంతరంగా వేయొచ్చు. గర్భం ఉంటే వేయరు, వేసుకున్నాక ఒక నెల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. స్టెరాయిడ్లు, కీమో, మెథోట్రెక్సేట్ లాంటి మందుల మీద ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగనిదే వేసుకోకూడదు. బీపీ, షుగర్ అడ్డు కావు. అత్తగారికి నిజంగానే తట్టు వచ్చి ఉంటే ఆవిడకి జీవితకాలం రక్షణ ఉన్నట్టే.

అత్తగారి మాటకి గౌరవంగానే జవాబివ్వొచ్చు. గుమ్మానికి వేపమండ కట్టి, బయటివాళ్ళని రానివ్వకుండా, బిడ్డని ఒక గదిలో పడుకోబెట్టడం పూర్వం చేసిన మంచి పని. తట్టుకి ఇప్పటికీ అదే చేయాలి: దద్దు కనిపించిన రోజు నుంచి నాలుగు రోజులు ఎవరినీ కలవనివ్వకూడదు. కష్టం ఎక్కడంటే, దద్దు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుతుంది, అప్పటికి వేపమండ కట్టాలని ఎవరికీ తెలియదు. మందు ఇవ్వకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్తే అమ్మవారికి కోపం వస్తుంది అనేది మాత్రం ఒప్పుకోవద్దు. చల్లగా వెళ్ళిపోయిన పిల్లలే ఆవిడకి గుర్తున్నారు. తట్టు వచ్చిన ప్రతి ఇరవై మంది పిల్లల్లో ఒకరికి నిమోనియా, వెయ్యిమందిలో ఒకరికి మెదడు వాపు, వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురి దాకా మరణం. ఏడాది లోపు వచ్చిన పిల్లల్లో, ఏడెనిమిదేళ్ళు గడిచాక మెదడుని తినేసే ఎస్ఎస్‌పీఈ అనే జబ్బు వచ్చే అవకాశమూ ఎక్కువే, దానికి చికిత్స లేదు. బిడ్డ ఒళ్ళు అంతకుముందు మిగతా జబ్బుల మీద సంపాదించుకున్న యాంటీబాడీల్లో పెద్ద భాగాన్ని కూడా తట్టు తుడిచేయగలదని 2019లో రుజువైంది. తట్టు తగ్గాక బిడ్డ రెండేళ్ళపాటు ఏదో ఒక జబ్బుతో నలగడం పెద్దవాళ్ళు చూసే ఉంటారు, అడిగి చూడండి.

పెళ్ళింట్లో ఏం గమనించాలో చెబుతాం. మొదట గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్రటి నీళ్ళూరే కళ్ళు. మూడు నుంచి ఐదు రోజులకి చెవుల వెనక, జుట్టు మొదట్లో దద్దు మొదలై ముఖం మీదుగా కిందికి దిగుతుంది. మన చామనచాయ ఒంటిమీద ఎరుపు సరిగా కనపడదు. వెలుతురులో పక్కనుంచి చూసి, వేళ్ళతో తడిమితే గరుకు తెలుస్తుంది. దద్దుకి ఒకట్రెండు రోజుల ముందు, దవడపళ్ళకి ఎదురుగా బుగ్గ లోపల ఎర్రటి మచ్చ మీద ఉప్పురవ్వంత తెల్లటి చుక్కలు కనిపిస్తే అది తట్టే. నీటి పొక్కులుంటే ఆటలమ్మ.

అలాంటి బిడ్డతో ఒకే హాల్లో ఉన్నారని తెలిస్తే గడియారం చూసుకోండి. టీకా లేనివాళ్ళకి 72 గంటల్లోపు ఎంఎంఆర్ వేస్తే జబ్బు ఆగే అవకాశముంది. అది దాటితే ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్, పిల్లలకి కిలోకి 0.5 మి.లీ. చొప్పున కండకి ఇస్తారు. ఎనిమిది కిలోల బిడ్డకి 4 మి.లీ. ఆరు నెలల్లోపు పసివాళ్ళకి టీకా కుదరదు కనుక ఇదొక్కటే దారి. గర్భిణులకి రక్షణ లేదని తేలితే అదే మందు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఇది తీసుకున్న పిల్లలకి ఆ తర్వాత ఆరు నెలల దాకా ఎంఎంఆర్ వేయకూడదు, వేసినా పట్టదు.

ఎవరికైనా వచ్చేస్తే నీళ్ళు, పాలు, గంజి, తినగలిగినంత అన్నం, జ్వరానికి డాక్టర్ చెప్పిన కొలతలో పారాసిటమాల్. యాస్పిరిన్ వద్దు. విటమిన్-ఎ డాక్టర్ చేతే ఇప్పించాలి: ఆరు నెలల్లోపు 50 వేల యూనిట్లు, ఏడాది లోపు లక్ష, ఏడాది దాటితే రెండు లక్షలు, రోజుకొకటి చొప్పున రెండు రోజులు, అంతే. 2025లో టెక్సస్‌లో కొందరు టీకాకి బదులుగా దీన్నే రోజూ పోసి, కాలేయం దెబ్బతిన్న పిల్లలని ఆసుపత్రికి తెచ్చారు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట కదలికలు చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది లోపు బిడ్డకి 50, ఆపైన 40 దాటితే, డొక్కలు ఎగరేస్తుంటే, తాగింది నిలవకపోతే, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా రాత్రయినా సరే ఆసుపత్రికి బయల్దేరండి.

తిరిగి వచ్చాక మూడు వారాల దాకా ఎవరికి జ్వరంతో దద్దు వచ్చినా క్లినిక్‌కి ముందుగా ఫోన్ చేయండి. ఇండియా నుంచి ఏ తేదీన వచ్చారో, ఏ విమానాశ్రయాల మీదుగా వచ్చారో చెప్పి, ఏ తలుపు గుండా రమ్మంటారో అడగండి. వెయిటింగ్ రూములో కూర్చోకుండా కారులోనే ఉండండి, ఆ గదిలో మీ పాపకన్నా చిన్నపిల్లలు ఉంటారు.